లాయరమ్మగారి అరుగు

మొన్న మా ఆడపడుచుని తీసుకురావడానికి గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళాను. విమానం ఆలస్యం. బయట జనం ఎదురుచూసే చోట ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని పులిహోర తింటోంది. ఎక్కేది ఒక్కరే అయినా సాగనంపడానికి వీధి వీధంతా వచ్చినట్టుంది. వాళ్ళలో ఒక చిన్నపిల్ల ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగి, "అమ్మా, ఇక్కడ తినొచ్చా?" అని అడిగింది. తల్లి అటూ ఇటూ చూసి, "అందరూ వచ్చే చోటేగా, తిను," అంది.

నాకు నవ్వాగలేదు. పక్కన నిలబడ్డాయన నావంక అదోలా చూశాడు. ఆయనకేం తెలుసు? ఆ తల్లి అన్న ఆ ఒక్క ముక్క మీద మా మేడం అయితే గంటసేపు మాట్లాడేవారు. మాట్లాడి, ఆ పులిహోరలో తన వాటా కూడా పుచ్చుకుని గానీ కదిలేవారు కాదు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. తలుచుకుంటే ఏడుపు రాదు, ఇదిగో ఇలా నవ్వే వస్తుంది.

లా పూర్తిచేసి, ఉయ్యూరు దగ్గర మా ఊరినుంచి విజయవాడ వచ్చి, ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరడానికి వెళ్ళిన రోజు నా మార్కులు అడగలేదు. "ఎలా వచ్చావమ్మాయ్?" అన్నారు.

"సిటీ బస్సులోనండీ."

"బస్సు పబ్లిక్ ప్లేసేనా?"

"అవునండీ."

"షేర్ ఆటో?"

"అదీ అంతేనండీ."

"అందులో అందరూ దిగిపోయి నువ్వొక్కదానివే మిగిలావనుకో. అప్పుడు?"

పుస్తకం చూసి చెబుతానన్నాను. "చూడు. కాకపోతే ముందు ఆటో ఎక్కు, కోర్టుకి టైమవుతోంది," అని నల్లకోటు చేతిమీద వేసుకుని బయల్దేరారు. నన్ను తీసుకున్నట్టా కాదా అని తెలియక వెనకాలే పరిగెత్తాను. ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాక పక్కనున్న పూల బుట్ట ఆవిడకి నన్ను పరిచయం చేస్తూ, "మా కొత్త జూనియరండీ," అన్నారు. నా ఉద్యోగం సంగతి నాకు తెలిసింది అలాగ.

పబ్లిక్ ప్లేసంటే సర్కారు జాగా అని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఒక్కో చట్టం ఒక్కోలా చెబుతుంది గానీ, చాలావాటిలో చివరికి చూసేది ఒకటే: ఆ చోటికి మామూలు జనం రాగలరా, వస్తే రానిస్తున్నారా అని. సొంతదారు ఎవరన్నది తర్వాతి మాట. తలుపులు బార్లా తీసిన సొంత దుకాణం పబ్లిక్ ప్లేసు కావచ్చు, సర్కారు ఆఫీసులో తాళం వేసిన గది కాకపోవచ్చు. ఈ సంగతి మాకు కాలేజీలో ఒక పూట చెప్పి వదిలేశారు. మేడం మాత్రం దాన్ని జీవితమంతా పట్టుకుని తిరిగారు. ఏ చోటికి వెళ్ళినా ముందు దాని సంగతేమిటో తేలాలి ఆవిడకి. ఆస్పత్రిలో పేషెంటుని చూడటానికి వెళ్ళినా అంతే, చీరల కొట్టుకి వెళ్ళినా అంతే.

ఒకసారి ఒక క్లయింటు కూతురి పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర, "ఈ హాలు పబ్లిక్ ప్లేసేనంటావా?" అని మొదలుపెట్టారు. పిలిచినవాళ్ళే వస్తారు కాబట్టి కాదన్నాను. అప్పుడే ఎవరో దారినపోయే ముగ్గురు వచ్చి పంక్తిలో కూర్చున్నారు, వడ్డించేవాళ్ళు వడ్డించేశారు. మేడం మొహం వెలిగిపోయింది. "శుభలేఖ చూపించమంటే కాదు అమ్మాయ్. అడక్కుండా ఆకు వేస్తే అవును," అని, ఆ ముగ్గురికీ గోంగూర పచ్చడి ఇటు పంపమని కేకేశారు.

గేటున్న చోటల్లా ఆవిడ చెప్పే మాట ఇంకొకటి. "గేటు చూడకు. వాచ్‌మన్ మొహం చూడు." లోపలికి ఎవరు రావచ్చో ఆ మొహంలోనే ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆవిడ వెళ్ళే చర్చిలోనూ వదల్లేదు. ప్రతి ఆదివారం ఆరాధనకి వెళ్ళేవారు, అపశ్రుతిలో గట్టిగా పాడేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని నిలబెట్టి, చట్టం ప్రకారం మన మందిరం ఏమవుతుందో చెప్పండి అని అడిగారు. "దేవుని మందిరం అమ్మా," అన్నారాయన మర్యాదగా. "దేవుడిదే, కాదనను. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?" అన్నారు మేడం. ఆయన నవ్వేసి, తాళంచెవి పట్టుకుని తిరిగే సంఘ పెద్దని చూపించి తప్పించుకున్నారు. ఆ పెద్దాయన ఆ రోజు ఇంటికి భోజనానికి ఆలస్యంగా వెళ్ళాడు.

కానీ ఈ పట్టింపంతా ఎవరినో తప్పుపట్టడానికి కాదు. అది నాకు బస్సులో అర్థమైంది. ఒక కుర్రాడు ఫోనులో పాట గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడు. బస్సంతా విసుక్కుంటోంది, ఎవరూ నోరెత్తరు. మేడం ముందుకి వంగి అడిగారు, "బాబూ, ఆ పాట మా అందరికీ పెట్టావా, నీకే పెట్టుకున్నావా?"

"నాకేనండీ."

"మాకూ వినిపిస్తోంది మరి. బస్సు మాదీ కదా."

అతను సిగ్గుపడి ఆపెయ్యబోయాడు. "పూర్తిగా ఆపమాకు నాయనా," అన్నారావిడ. "పాట బాగానే ఉంది. కాస్త తగ్గించు చాలు." పటమట వచ్చేదాకా ఆ సన్నటి పాట వింటూ తొడమీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు.

ఇక ఆ అరుగు సంగతి.

మేడం ఇల్లు పటమటలో, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక మధ్యలో మిగిలిపోయిన పాత డాబా. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ప్రహరీగోడ పోయింది. అందరూ వెనక్కి జరిపి మళ్ళీ కట్టుకున్నారు. ఆవిడ కట్టలేదు. దాంతో ముందున్న నాపరాళ్ళ అరుగు నేరుగా రోడ్డుమీదికి వచ్చినట్టయింది. రెండు మెట్లెక్కితే చాలు. బస్సు కోసం చూసేవాళ్ళు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, పార్సిళ్ళు పంచే కుర్రాళ్ళు ఎక్కి కూర్చునేవాళ్ళు. మేడం అరుగు పైకప్పుకి ఒక ఫ్యాను వేయించారు, మూలన నీళ్ళకుండ పెట్టించారు. లోపల మేము కేసులు చూసుకుంటుంటే బయట ఎవరెవరు కూర్చున్నారో ఆవిడకి పట్టేది కాదు.

మధ్యాహ్నాలు మాత్రం ఆ అరుగు ఆడవాళ్ళది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసేవాళ్ళకి పొద్దుటి పని అయ్యాక సాయంత్రం పనిదాకా ఖాళీ. ఇంటికి వెళ్ళి రావాలంటే దూరం. అక్కడే చేరి, సుద్దముక్కతో గళ్ళు గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. నాలుగు గవ్వలు. ఒకరి కాయలు గాజుముక్కలు, ఒకరివి చింతపిక్కలు. ఓడినవాళ్ళు ఎదురుగా బండిమీద మిరపకాయ బజ్జీలు కొనాలి. అందరిలోకీ బాగా ఆడేది నాగమణి, అందరికంటే ఎక్కువ ఓడేది మరియమ్మ. మరియమ్మ ఓడినప్పుడల్లా లేచే నవ్వులకి లోపల మా ఫైళ్ళు కూడా కదిలేవి.

ఆ నవ్వులే కొంప ముంచాయి. ఎదుటి అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒకాయన, రిటైరైన ఆఫీసరు, మధ్యాహ్నం నిద్ర పడక స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. బహిరంగ ప్రదేశంలో జూదం ఆడుతున్నారని. ఒక కానిస్టేబులు వచ్చి, ఇష్టం లేకుండానే గవ్వలూ కాయలూ స్వాధీనం చేసుకుని, ఆ పూట కూర్చున్న నలుగురి మీదా కేసు రాసుకెళ్ళాడు.

"ఒప్పేసుకుంటే చిన్న ఫైనుతో పోతుందండీ మేడంగారూ," అని వెళ్ళేటప్పుడు సలహా కూడా ఇచ్చాడు.

ఒప్పుకుంటే పోయేది కాదు. పోలీసు కేసున్నవాళ్ళని లోపలికి రానివ్వొద్దని సెక్రటరీగారు అప్పటికే గేటు దగ్గర చెప్పేశారు. ఆ అపార్ట్‌మెంటులో నాగమణికి రెండిళ్ళ పని, మరియమ్మకి రెండిళ్ళ పని పోయింది. మిగతా అపార్ట్‌మెంట్లూ ఇదే పాట అందుకుంటాయేమోనని భయం. మరియమ్మ అరుగు మెట్లమీద కూర్చుని, "జూదమంట లాయరమ్మగారూ. మా ఆయన పేకాడతాడని పదేళ్ళుగా నేను తిడతన్నా. ఇప్పుడు నామీద పెట్టారు," అంది. అని తనే నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు మాత్రం కేసు తేలిగ్గా కనిపించింది. జూదం నేరం కావాలంటే అది పబ్లిక్ ప్లేసులో జరగాలి. ఇది మేడం సొంత ఇంటి అరుగు. ఆవిడ అనుమతి ఉంటేనే ఎవరైనా కూర్చుంటారని చెబితే కేసు అక్కడితో సరి. చెప్పాల్సింది మేడమే. సాక్షిగా నిలబడేవాళ్ళు అదే కేసు వాదించకూడదు కాబట్టి వాదన నాకు అప్పగించారు. నేను ఒంటరిగా చేసిన మొదటి కేసు అదే.

ముందురోజు ఆవిడతో అంతా వల్లె వేశాను. "మీ అనుమతి లేకుండా ఎవరైనా ఆ అరుగు మీద కూర్చోవచ్చా అని అడుగుతానండీ. మీరు లేదనాలి."

"ఊఁ," అన్నారు. బత్తాయి వలుస్తూ ఆలోచనలో ఉన్నారు. తర్వాత ఉన్నట్టుండి, "బజ్జీల సంగతి మర్చిపోకు అమ్మాయ్. కానిస్టేబుల్ని అడుగు," అన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, కానీ రాసుకున్నాను.

మేజిస్ట్రేటు నా వయసు ఆవిడే. కానిస్టేబులు సాక్ష్యం చెప్పాక నేను లేచాను.

"పందెం ఏంటండీ?"

"మిరపకాయ బజ్జీలండీ."

"ఎవరు కొంటారు?"

"ఓడినావిడండీ."

"ఎవరు తింటారు?"

"అందరూ తింటారండీ."

"ఓడినావిడ కూడానా?"

"ఆవిడ కూడానండీ."

ఎక్కడినుంచి వచ్చిందో ఆ బుద్ధి, "మీరో?" అన్నాను.

అతను టోపీ సర్దుకున్నాడు. మేజిస్ట్రేటు వంక చూశాడు. "రెండు తిన్నానండీ. వేడిగా ఉన్నాయని పెట్టారు."

కోర్టు హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. ఇక మేడం బోనెక్కి ఒక్క మాట అంటే చాలు.

ఆవిడ ఎక్కారు. జీవితమంతా బోను ఇవతలినుంచి మాట్లాడిన మనిషి, అవతల నిలబడి కొత్తగా చూస్తున్నారు. వెనక బెంచీమీద నలుగురు ఆడవాళ్ళూ పండక్కి దాచుకున్న చీరలు కట్టుకుని కూర్చున్నారు. నేను వల్లె వేసిన ప్రశ్న అడిగాను.

"మీ అనుమతి లేకుండా ఎవరైనా ఆ అరుగు మీద కూర్చోవచ్చా?"

మేడం నావైపు చూడలేదు. ఆ బెంచీవైపు చూశారు.

"కూర్చోవచ్చు," అన్నారు. "కూర్చుంటారు."

సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడిగాను, ఇంకాస్త తేలిక చేసి. "అంటే మీరు వద్దంటే లేచిపోతారు కదండీ?"

"నేనెప్పుడూ వద్దనలేదు. వాళ్ళెప్పుడూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు, వాళ్ళకీ తోచలేదు. అది అందరూ వచ్చే చోటు."

సర్కారు ప్లీడరు గారు లేచి, తాను అడగాల్సిందేమీ మిగల్లేదని చెప్పి, చిరునవ్వుతో కూర్చున్నారు. ఆయన రుజువు చెయ్యాల్సింది మా సాక్షే చేసిపెట్టారు. నేను కాగితాలు తిరగేస్తున్నట్టు నటించాను. నా కాగితాలన్నీ ఆ అరుగు ప్రైవేటు అని చెప్పేవే. వెనక మరియమ్మ నాగమణిని గుసగుసగా అడగడం నాకు వినపడింది, "ఏమైందే? గెలిచామా?"

చేతిలో మిగిలింది బజ్జీలే. వాటితోనే వాదించాను. అది పబ్లిక్ ప్లేసే అనుకుందాం, అక్కడ జరిగింది జూదమేనా అని అడిగాను. జూదంలో ఒకడి చేతిలోది పోయి ఇంకొకడి చేతిలో పడాలి. ఇక్కడ ఓడినావిడా తింది, గెలిచినావిడా తింది, కేసు రాయడానికి వచ్చినాయనా తిన్నాడు. నలుగురు కూర్చుని వంతులవారీగా తినుబండారం కొనుక్కోవడాన్ని జూదం అంటే, ఆఫీసుల్లో టీలు తాగేవాళ్ళందరిమీదా కేసు పెట్టాలన్నాను. గవ్వలు ఎలా పడతాయన్నది అదృష్టమే గానీ, ఏ కాయ కదపాలన్నది తెలివి అని కూడా చెప్పాను. అప్పుడు మేజిస్ట్రేటు గారు, "చింతపిక్కలు ఎవరివి?" అని అడిగారు. ఎందుకు అడిగారో తెలియదు. మరియమ్మ లేచి, "నాయేనండీ," అంది. "ఎప్పుడూ ఓడిపోతానండీ."

వారం తిరిగేసరికి తీర్పు వచ్చింది. అరుగు సొంత ఇంటిదైనా, జనాన్ని రానిచ్చే చోటు కాబట్టి పబ్లిక్ ప్లేసేనన్నారు. అక్కడ జరిగింది మాత్రం జూదం కాదన్నారు. అందరూ వచ్చే చోట నలుగురు కూర్చుని కాలక్షేపానికి ఆడుకోవడం, నవ్వుకోవడం నేరం కాదంటూ కేసు కొట్టేశారు. గవ్వలు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. నాగమణి వాటిని అక్కడే లెక్క చూసుకుని రవికలో దోపుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను రోడ్డువైపు తిరిగి కూర్చున్నాను. గెలిచినా నాకు ఉక్రోషంగానే ఉంది. మేడం నా మోకాలిమీద తట్టారు.

"కోపమా?"

"ఒక్క మాట అంటే అయిపోయేదండీ. బజ్జీల వాదన నిలబడకపోతే ఏమయ్యేది? వాళ్ళ పనులు పోయేవి."

"భయపడ్డాను నేనూ," అన్నారావిడ. "రాత్రి నిద్ర పట్టలేదు. చెబుదామనే ఎక్కాను బోను. తీరా ఎదురుగా వాళ్ళు కూర్చున్నారు. మీరంతా నా దయమీద కూర్చున్నారమ్మా అని వాళ్ళు వింటుండగా ఎలా చెప్పమంటావు? రేపట్నుంచి ఆ మెట్లెక్కేటప్పుడు నా మొహం చూసి ఎక్కుతారు. అప్పుడు అది అరుగవదు, నా ఇంటి ముందు గదవుతుంది."

పక్కన కూర్చున్న ముసలాయన అంతా విని, "ఏ కేసండీ?" అన్నాడు. మేడం మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. బజ్జీల దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు కూడా ఆటో నెమ్మది చేశాడు. మేము దిగాల్సిన చోటు దాటిపోయింది.

నాగమణికీ మరియమ్మకీ పోయిన ఇళ్ళు దొరికాయి. ఆ ఇళ్ళవాళ్ళే గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్ళారు. అన్నాళ్ళు అంట్లు తోముకున్నాక కేసు సంగతి వాళ్ళకి గుర్తులేదు. సెక్రటరీగారు మాత్రం రోడ్డుకి అవతలి పక్కనుంచే నడిచేవారు. మా అరుగువైపు తల తిప్పేవారు కాదు.

ఆ వర్షాకాలం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మి కుండపోతగా కొట్టింది. పటమటలో వాన పడితే తెలిసిందేగా, కాసేపట్లో రోడ్డు కాలవైంది. నేనూ మేడమూ అరుగు మీదికి కుర్చీలు తెచ్చుకుని వాన చూస్తున్నాం. ఆడవాళ్ళు గోడవారగా జరిగి ఆడుకుంటున్నారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో కూరగాయల సంచీ నెత్తిన పెట్టుకుని ఒకాయన తడుముకుంటూ వచ్చి మా మెట్లు పట్టుకున్నారు. చూస్తే సెక్రటరీగారు. ఇల్లు ఎదురుగానే ఉంది గానీ మధ్యలో నీళ్ళ కింద డ్రైనేజీ మూత ఎక్కడుందో తెలియదు, దాటలేరు.

పై మెట్టుమీద ఆగిపోయారు. ఒళ్ళంతా కారుతోంది. గవ్వల చప్పుడు ఆగింది. మరియమ్మ కొంగు సర్దుకుంది.

"కాసేపు ఇక్కడ నిలబడొచ్చాండీ?" అని అడిగారాయన మేడంని, కళ్ళు ఎత్తకుండా.

"నన్నడుగుతారేంటండీ," అన్నారు మేడం.

ఆయన నెత్తిమీది సంచీ దింపి చేత పట్టుకున్నారు. అప్పుడు నాగమణి, గళ్ళమీంచి తల ఎత్తకుండానే, "నిలబడ్డం దేనికి సారూ, కూర్చోండి. కాలు మాత్రం ఈ గడి మీద పెట్టమాకండి. నా కాయ పండబోతంది," అంది.

ఆయన సంచీ పక్కన పెట్టి, ప్యాంటు మడిచి, గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరో తుడుచుకోడానికి తువ్వాలు ఇచ్చారు. మళ్ళీ గవ్వలు పడ్డాయి. ఒక పక్క వాన, ఒక పక్క గవ్వలు. ఆయన మొదట రోడ్డువైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆటవైపు చూశారు. మరియమ్మకి చెమ్మా పడింది. ఏది కదపాలో తెలియక చింతపిక్క మీద వేలు పెట్టి ఆగింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. కాస్త ముందుకి వంగారు.

"అది కాదమ్మా," అన్నారు. "వెనకది జరుపు."